గుట్ట దిగిన ఖాళీ పంజరం

"ఏయ్, ఆగు! ఆ పంజరం కింద పెట్టు!"

ఒలెట్టా అరుపుకి గుట్ట దిగుతున్న ముసలాయన టక్కున ఆగిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. రుపునూని గడ్డిమైదానంలో ఆ వేళప్పుడు గుట్ట మీద పని ఉండేది ఇద్దరికే. వచ్చినవాళ్ళకి పిట్టల్ని చూపించే ఒలెట్టాకి, లేదంటే పిట్టల్ని పట్టుకుపోయే దొంగకి.

పంజరం మీది గుడ్డ లాగి చూసింది. ఖాళీ.

"హమ్మయ్య! ఇంకా ఏమీ పడలేదు బాబాయ్!"

వెనకే రొప్పుతూ వచ్చాడు ఊరిపెద్ద ఫౌస్టినో.

"కోస్తావాడివా?"

"అవునండి."

"మీ ఆదివారం కూతపందాలకి మా పిట్టలే దొరికాయా?"



ఒలెట్టా భయం ఒలెట్టాది. ఇంకో మూడు రోజుల్లో పక్షులు చూసేవాళ్ళ సంఘం నుంచి నలుగురు వస్తున్నారు. నల్ల తల, ఎర్ర ఒళ్ళు ఉన్న ఆ గుప్పెడంత పిట్ట వాళ్ళ కళ్ళబడితేనే 'చూడదగ్గ చోట్ల' జాబితాలో ఊరి పేరు ఉంటుంది. లేదంటే కొట్టేస్తారు. అప్పుడిక ఈ ఊరికి వచ్చే నాథుడుండడు. మిగతా ఆడవాళ్ళలాగే తనూ పిల్లదాన్ని వదిలేసి బంగారు గనుల్లో వంటకి పోవాలి.

పోయిన నెల ఎంత వెతికినా మూడే పిట్టలు కనబడ్డాయి.

ఆమె పుట్టేనాటికే కొమ్మలకి బంకపుల్లలు కట్టి పిట్టల్ని పట్టేవాళ్ళు గుట్టంతా ఊడ్చేశారు. ఈ ఏడేళ్ళ నుంచే మళ్ళీ ఒకటీ అరా కనబడుతున్నాయి. ఊరంతా కాపలా కాసిన ఫలితమేనని ఆమె నమ్మకం.

"నిజం చెప్పు. ఈ గుట్ట మీద ఎప్పుడైనా పిట్టల్ని పట్టావా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"పట్టానమ్మా."

"ఎన్ని?"

"లెక్కలేదు తల్లీ. కుర్రతనంలో... కానీ ఇప్పుడు..."

"ఇప్పుడేంటి ఇప్పుడు! కాటికి కాళ్ళు చాపుకున్నా బుద్ధి రాలేదా?"

"వాడే ఒప్పుకున్నాక ఇంకేం వింటావే!" అంటూ ఫౌస్టినో పంజరాన్ని బండకేసి కొట్టాడు. సన్నగా చెక్కిన పుల్లలు పటపటా విరిగిపోయాయి.

ముసలాయన చెయ్యి ముందుకు చాచి, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు.

ఒలెట్టా ఫోన్‌లో ఆయన ఫొటో తీసింది. ఆయన మొహం తిప్పుకోలేదు.

'ఎక్కడ కనబడినా తరిమేయండి' అని రాసి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పంపింది.

రోడ్డు దాకా నడిపించుకెళ్ళి, కోస్తాకి పోయే బస్సు ఎక్కించారు. ఎక్కేముందు దాహమన్నాడు. చేతిలో నీళ్ళ సీసా ఉన్నా ఒలెట్టా ఇవ్వలేదు.

అన్న రోజుకి సంఘంవాళ్ళు వచ్చారు. పొద్దున్నే గుట్ట ఎక్కించింది.

గంట గడిచింది. ఒక్క పిట్టా లేదు.

"అసలు ఉన్నాయా అమ్మాయ్?" ఒకాయన విసుక్కున్నాడు.

"ఉన్నాయండీ, ఉన్నాయి... అదిగో!"

ఒకటి కాదు, తొమ్మిది! పొదల మీద వాలి తాపీగా గింజలు తింటున్నాయి.

ఒలెట్టాకి ఏడుపాగలేదు. జాబితాలో ఊరి పేరు నిలిచింది. పిల్లదాన్ని వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు.

"మొన్న ఒక దొంగని తరిమాం లెండి. అందుకే పిట్టలు ధైర్యంగా బయటికొచ్చాయి" అంది దిగుతూ, గొప్పగా.

సంఘంవాళ్ళని తీసుకొచ్చిన బస్సు డ్రైవర్ కాంప్టన్ కింద నీడలో కూర్చుని ఉన్నాడు. అతనికి చేపల పులుసు, కర్రపెండలం రవ్వ పెట్టింది.

"మొన్న మా ముసలాయన్ని ఏం చేశారమ్మా మీరు?" అడిగాడు తింటూ.

"మీ ముసలాయనా?"

"నా బస్సే కదా ఎక్కించారు! దారి పొడుగునా నోరు విప్పితే ఒట్టు. దిగేటప్పుడు మాత్రం, ఇక ఓపిక లేదు కాంప్టన్, మళ్ళీ రాను అన్నాడు. ఏడాదికోసారి నా బస్సులోనే వస్తాడు. తిన్నగా ఊళ్ళోంచి పోవచ్చుగా, అడ్డదారిన పడి గుట్టెక్కడం ఎందుకయ్యా అంటే, ఆ ఊరికి నా మొహం చూపించలేను అంటాడు."

"ఎలా చూపిస్తాడు? దొంగ కదా!"

కాంప్టన్ తినడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"దొంగేంటమ్మా? వచ్చేటప్పుడు ఇంట్లో పొదిగించి పెంచిన ఎర్రపిట్టలు పంజరం నిండా ఉంటాయి, దారంతా ఒకటే గోల. తిరిగెళ్ళేటప్పుడు, ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారైనా అందులో పిట్ట ఉండగా చూడలేదు."