రాహేలమ్మ సమాధి గుర్తు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం మునగాల దగ్గరి పొలంలో ముగ్గురున్నారు: రైతు ఏసోబు, పక్క పొలం ఆసామి రైసుమిల్లు రాంచందర్, కోదాడ నుంచి కొలతకు వచ్చిన ప్రవళిక.

ప్రవళిక ఫోనుతో కొలిస్తే, ల్యాప్‌టాప్‌లోని పాత పటం మీద ఏసోబు బోరు చుక్క రాంచందర్ పొలంలో పడింది. ఆ కొలత మీద ఏసోబు సంతకం పెడితే బోరు చేజారినట్టే.

“సేటు కార్ల వస్తివి. సుక్క సేటు దిక్కే పడవట్టె,” అన్నాడు ఏసోబు.

“అదేం లేదు తాతా. ఇది అందరికీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. లోపల ఏం రాశారో ఎవరైనా చూడొచ్చు.”

“ఆ ఇంగ్లీషు రాతల నేనేం సూస్త?”

“కంప్యూటర్‌కు లంచమిస్తనా ఏసోబూ?” రాంచందర్ నవ్వాడు.

ఏసోబు ప్రవళికను చర్చి వెనక్కి తీసుకెళ్లి, భార్య రాహేలమ్మ సమాధి మీద ఫోను పెట్టించాడు. “దీన్ని గూడ కొలువు.”

ఈ చుక్క పటంలో కాలువ నడుమ పడింది.

“పన్నెండేండ్ల సంది గీడనే పండుకున్నది బిడ్డా. నీళ్లల్లకు ఎప్పుడు దిగింది?”

ప్రవళిక ల్యాప్‌టాప్‌లో తను రాసినదంతా మళ్లీ చూసింది. “తప్పు నాదే తాతా. పాత పటం లెక్క వేరు, ఫోను లెక్క వేరు. దీన్ని దాంట్లోకి మార్చే లైను సాఫ్ట్‌వేర్‌లో రాయడం మర్చిపోయా.”

అక్కడే రాసింది. రాహేలమ్మ చర్చి వెనక్కి వచ్చింది. బోరు ఏసోబు పొలంలోకి వచ్చింది. వెంట వచ్చిన రాంచందర్ నవ్వు ఆగింది.

ప్రవళిక తన పొరపాటును కాగితం మీద రాసి, కింద ‘సరిచూసిన గుర్తు: రాహేలమ్మ సమాధి’ అని చేర్చింది.

ఏసోబు ఆ పేరును రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు.

“సేటు కార్లనే పో బిడ్డా. ఎండ ముదిరింది.”

సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాసుబుక్కులో దాచుకున్నాడు.