ఇద్దరి సినిమా

ఎవరి ఇష్టానికి తగ్గ సినిమాను వాళ్లకు టీవీయే అల్లిపెట్టే రోజులవి. ఒకరు చూసింది మరొకరు చూడరు కాబట్టి తోడికోడళ్లు వరహాలమ్మ, సుగుణ సినిమా కబుర్లే మానేశారు.

ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వరహాలమ్మ, "ఇద్దరం కలిసి కూకుంటే ఏటి సూపిస్తాదో సూద్దామే," అంది.

"ఎవరి ఇష్టప్రకారం వెయ్యను?" అని టీవీ అడిగింది.

"మా ఇష్టం వొద్దు. నీకు నచ్చింది ఎయ్యి," అంది వరహాలమ్మ.

టీవీ కాసేపు ఆలోచించి, హీరో లేని సినిమా వేసింది. మొగుణ్ని వదిలి పడవెక్కిన ఓ ముసలామె కథ అది. పాటల్లేకపోయినా ఇద్దరూ కదల్లేదు.

"అలా ఎల్లిపోకూడదక్కా," అంది సుగుణ, కళ్లు తుడుచుకుంటూ.

"ఎందుకెల్లకూడదు? నేనైతే పెళ్లయిన ఏడాదే ఎల్లిపోదును!"

పదహారేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నా సుగుణ ఆ మాట ఎన్నడూ వినలేదు. టీవీ కట్టేసి, అక్క దగ్గరకు జరిగి కూర్చుంది.

"ఏటయిందక్కా?"