ఉప్పు చూడని సూపు

మేడమీద పెట్టిన మటన్ అలాగే ఉంది. గారెలు అలాగే ఉన్నాయి. శ్రీకళ ఇష్టపడే పెరుగన్నం కూడా ఎండిపోతోంది. మధ్యాహ్నం రెండు దాటింది.

కింద ఇంటినిండా చుట్టాలు. ఒక్కరి కంచంలోనూ మెతుకు లేదు. ఆమె తినకుండా మనం తినేదెలాగని పొద్దున్నుంచి అందరూ కడుపు మాడ్చుకుని కూర్చున్నారు.

“నా మీదనే కోపం ఆమెకు,” అంది ఈరమ్మ. శ్రీకళ అత్తగారు. ఎల్బీనగర్‌లోని ఆ కాలనీలో ఈరమ్మ నోటికి జడవని మనిషి లేడు. అలాంటి నోరు ఇవాళ తడారిపోయింది.

“ఉండదా మరి?” బడంగ్‌పేట్ నుంచి వచ్చిన తమ్ముడు కనకరాజు ఊరుకోలేదు. “చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏమొస్తదక్కా?”

ఈరమ్మ కొడుకు వీరేందర్ అప్పటికి రెండుసార్లు పైకి వెళ్లొచ్చాడు. గడ్డం మాసిపోయింది. చేతులు జోడించి భార్యను బతిమాలాడు. తమ పాప కంట తడి రానివ్వనని మాటిచ్చాడు. లాభం లేకపోయింది. దిగొచ్చి మెట్ల మీదే కూలబడ్డాడు.

ఈరమ్మ చివాలున లేచింది.

“సూపు! ఆమె చేసే సూపు చేస్త.”

శ్రీకళది దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, చెప్పులు విప్పి, ఇరవై నిమిషాల్లో సూపు దించేది. ఫోన్లో చూసి నేర్చుకుంది. మెక్సికో వంట, టాకో సూపట! వారంలో రెండు రాత్రులు అదే భోజనం. పాపకు పండగ, ఈరమ్మకు మంట.

పోయిన నెలలో ఓ రాత్రి ఈరమ్మ చుట్టాల ముందే, “గిది సూపా, బర్రెకు వెట్టే కుడితా?” అని గిన్నెడు సూపూ సింకులో కుమ్మరించింది.

“ఒక్కపారి జర తాగి సూడు అత్తమ్మా,” అంది శ్రీకళ. అంతే అంది. ఆ తర్వాత మళ్లీ ఆ సూపు చేయలేదు.

ఈరమ్మ ఫ్రీజర్ తెరిచింది. ప్రతి ఆదివారం శ్రీకళ వారానికి సరిపడా రాజ్మా ఉడకబెట్టి డబ్బాల్లో పెట్టి, మీద వారం పేరు రాసి అంటించేది. ఒక్కటే డబ్బా మిగిలింది. ‘మంగళవారం.’ ఈరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇది పాడైతే ఇంకోటి లేదు.

“అరే వీరేందర్, ఎట్ల చేస్తదిరా? నేనెన్నడు సూడనే లేదు.”

వీరేందర్ ఫోన్లో వెతికి, శ్రీకళ ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాడు.

“ఇయ్యాల నాకు లేటయితది. నువ్వే చెయ్యి. ఉల్లిగడ్డ, క్యాప్సికం ఏంచు. రాజ్మా, మక్కగింజలు, టమాట గుజ్జు ఎయ్యి. జీలకర్ర పొడి, కారం. ఫ్రిజ్ తలుపుల పిజ్జా ప్యాకెట్ల ఆకుపొడి ఉంటది, అది గూడ. క్రీమ్ మాత్రం స్టవ్ బంద్ చేసినంకనే. లేకుంటే ఇరుగుతది, మల్ల నన్ననొద్దు!”

చివర్లో చిన్న నవ్వు. గుమ్మంలో నిలబడ్డ శ్రీకళ తల్లి అండాలమ్మ మొహం తిప్పుకుంది.

“ఇంకోపారి వెట్టు,” అంది ఈరమ్మ. మూడుసార్లు విన్నది.

క్రీమ్ లేదు. పక్కింటి లలితకుమారి, “మా ఫ్రిజ్‌లో ఉందండీ, ఉండండి, తెస్తాను,” అని పరుగున వెళ్లి క్రీమ్ ప్యాకెట్టు, పైన చల్లడానికి మొక్కజొన్న చిప్సు తెచ్చింది.

రాజ్మా కుతకుతలాడింది. వంటిల్లంతా శ్రీకళ వాసనే. ఈరమ్మ కళ్లు మసకబారాయి. అలాగే ప్యాకెట్టు చించి గిన్నె మీదికి వంచబోయింది.

“స్టవ్! స్టవ్ ఆపండి ఈరమ్మగారూ!” లలితకుమారి కేక పెట్టింది.

ఈరమ్మ గభాలున స్టవ్ కట్టేసింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే అంతా గంగపాలే. కొంచెం కొంచెంగా క్రీమ్ కలిపింది. విరగలేదు. చిక్కగా, మెత్తగా, శ్రీకళ చేసే రంగుకే వచ్చింది.

“ఉప్పు సరిపోయిందో లేదో చూడండి,” అంటూ లలితకుమారి చెంచా అందించింది.

“వద్దమ్మా. మొదలు ఆమెనే సూడాలె.”

“ఎక్కువైతేనో?”

“నా కర్మ.”

గిన్నె తనే పట్టుకుంది. కనకరాజు అందుకోబోతే కసిరింది. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా మేడ ఎక్కని మనిషి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఎక్కింది. వెనకాలే చుట్టాలంతా ఎక్కి, పై గుమ్మం దగ్గర ఆగిపోయారు.

ఈరమ్మ గిన్నె పెట్టింది. చిప్సు నలిపి పైన చల్లింది. కోడలికి చేతులెత్తి మొక్కడం ఆమెకు అదే మొదటిసారి.

“నేనే కుడితన్న శ్రీకళా. నా నోరు వడిపోను! అందరి ముందట అన్న, అందరి ముందటనే తప్పొప్పుకుంటున్న. ఒక్కపారి జర తాగి సూడు బిడ్డా. నువ్వు తాగినంక నేను గూడ తాగుత.”

ఏడుస్తూనే నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

ఎదురింటి నీళ్ల ట్యాంకు మీది కాకి ఎగిరొచ్చి, శ్రీకళ పోయిన పదకొండో నాడు పిట్టగోడ మీద పరిచిన విస్తరిలో మటన్‌నూ గారెలనూ దాటుకుని, సూపు గిన్నెలో ముక్కు ముంచింది.