మామగారి మొదటి గడి

“ఈ మహాతల్లే ఛార్జర్ పీకేసింది!” రిపేరు షాపులో అందరి ముందూ అత్త కోడలి మీద విరుచుకుపడింది.

“నేను వంటింట్లో ఉన్నానత్తయ్యా.”

“నోర్ముయ్.”

కోడలు కౌంటరు మీదున్న మామగారి టాబ్లెట్ వైపు చూసింది. పక్షవాతంతో మాట పడిపోయాక అదే ఆయన నోరు. తెర మీద గడి నొక్కితే, అందులో ఆయన దాచుకున్న మాట పైకి వినిపిస్తుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. నిన్న అప్‌డేట్ సగంలో ఉండగా ఎవరో ఛార్జర్ లాగేస్తే ఇక తెరుచుకోలేదు.

“సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించానమ్మా. మాటలేవీ పోలేదు,” అన్నాడు మెకానిక్. “ఎక్కువగా నొక్కిన గడి ముందుంటుంది. వినండి.”

నొక్కాడు.

“ఇంక ఆపవే. కోడల్ని తిట్టకు,” అంది టాబ్లెట్.

అత్తమామల గది మూసిన తలుపుల వెనక రోజూ టాబ్లెట్ ఏదో గొణగడం వినిపించేది. అది తన కోసమేనని కోడలికి ఇప్పుడే తెలిసింది.

అత్త కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించింది. “బాబూ, ఆ ఒక్కటీ పీకెయ్యి.”

కోడలు టాబ్లెట్ లాక్కుని గుండెకి హత్తుకుంది.

“నిన్న ఛార్జర్ పీకినట్టేనా, అత్తయ్యా?”