చిలకల్ని తోలిన క్యాసెట్టు

“ఆ మనిషి చూపు మంచిది కాదే వేణీ. ఏదో ఒకటి జరుగుతుంది. జరిగాక నెత్తీ నోరూ కొట్టుకుని ఏం లాభం?”

తల్లి నాగేంద్రమ్మ మాటకి కృష్ణవేణి తలెత్తలేదు. టేప్‌రికార్డర్ని గుడ్డసంచిలో సర్దుకుంటోంది.

“పాఠం చెప్పే మాస్టారమ్మా ఆయన.”

“పాఠానికి టేప్‌రికార్డరెందుకు?”

“ప్రోగ్రాం క్యాసెట్లోనే ఉంటుంది. ఇందులో పెట్టి కంప్యూటర్‌కి తగిలిస్తే అది చదువుకుంటుంది. బడిలో ఉన్న టేప్‌రికార్డర్ పాడైంది.”

“క్యాసెట్టు వినాలి గానీ, చదవడమేంటే?”

వేణి నవ్వి, నూజివీడు బస్సు కోసం పరిగెత్తింది.

అక్కడి బడికి ఆ ఏడే ఒక కంప్యూటర్ వచ్చింది. వేసవి సెలవుల్లో నేర్పడానికి బెజవాడ నుంచి ఇన్నయ్య మాస్టారు వచ్చాడు. నాగేంద్రమ్మ అంతకుముందే ఒకసారి బడి కిటికీలోంచి తొంగిచూసింది. వేణి ఏదో అడుగుతోంది. ఆయన రెప్ప వెయ్యకుండా పిల్ల పెదాల వంకే చూస్తున్నాడు.

ఆ చూపు ఆవిడ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. నలుగురిలో అంటే పిల్ల పేరే బయటపడుతుందని నోరు మూసుకుంది.

ఆదివారం వేణి ముసునూరు వెళ్ళింది. భక్తిపాటలు విందామని నాగేంద్రమ్మ సంచిలోంచి టేప్‌రికార్డర్ తీసి, అందులో ఏ క్యాసెట్టుందో చూడకుండా మీట నొక్కింది.

కీ... చ్... మని చెవులు చిల్లులు పడేలా ఒకటే అరుపు.

“అమ్మో! ఇదేం కూతరా? పిల్లకేం ఇచ్చి పంపాడీ మనిషి?”

వాళ్ళ మామిడితోటకి కాపలా ఉండే చిన్నరాయప్ప వచ్చి విన్నాడు.

“టేపు నలిగిపోయిందండీ అమ్మగారూ. నాకిప్పించండి. పొద్దస్తమానం చిలకల్ని తోల్తా డబ్బా కొట్టి కొట్టి నా రెక్కలు పడిపోతన్నాయి. ఆ మోతేదో ఇందులో పట్టుకుంటే అదే మోగుద్ది.”

ఆవిడకి ఆ మాట నచ్చింది. రికార్డు చేసే ఎర్ర మీట కూడా కలిపి నొక్కింది. చిన్నరాయప్ప డబ్బా వాయించాడు. ఆవిడ “హోయ్! హోయ్!” అని గొంతు కలిపింది. క్యాసెట్టు అటుపక్క, ఇటుపక్క, నిండా.

సాయంత్రం వేణి తోటలోకొచ్చి, ఆ మోత విని నిలబడిపోయింది.

“ఏ క్యాసెట్టమ్మా అది?”

“అదేనే, నీ సంచిలోది. పాడైపోయిందిగా.”

“పాడవలేదమ్మా. నెల రోజులు కూర్చుని నేను రాసిన ప్రోగ్రాం అది.”

అంతే. పిల్ల వెళ్ళి ముసుగుతన్ని పడుకుంది. మూడు రోజులు క్లాసుకి పోలేదు. క్యాసెట్టు పోతే పోయింది, పీడ విరగడయిందని నాగేంద్రమ్మ లోలోపల దణ్ణం పెట్టుకుంది.

నాలుగో రోజు కాయ కోత. కూలీలు చిన్న రసాలు బుట్టల్లో సర్దుతున్నారు. టేప్‌రికార్డర్ కొమ్మకి వేలాడుతూ డబ్బా మోత మోగిస్తోంది.

గట్టు మీద ఇన్నయ్య మాస్టారు కనిపించాడు.

దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు. అంత మోతలోనూ గొంతు పెంచకుండా ఏదో చెప్పాడు. ఆవిడ చెవిన పడింది ‘వేణి’ అన్న ఒక్క మాటే. చూపు మాత్రం ఆవిడ పెదాల మీద ఉంది.

నాగేంద్రమ్మకి ఒళ్ళు భగ్గుమంది.

“సిగ్గులేదూ? కూతురు చాలక తల్లి మూతి వంక కూడా చూస్తావా? చదువు పేరు చెప్పి ఆడపిల్లలకి వల వేసే రకానివి! నీకు అక్కచెల్లెళ్ళు లేరూ? ఇంకోసారి ఈ గట్టెక్కావంటే కాళ్ళిరగ్గొట్టిస్తా!”

కూలీల చేతులు ఆగిపోయాయి.

ఇన్నయ్య చూపు తిప్పుకోలేదు. ఆవిడ ఆఖరి మాట అనేదాకా అలాగే చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న పొట్లం తీసి రసాల బుట్ట మీద పెట్టి, మళ్ళీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడే హనుమాన్ జంక్షన్ బస్సెక్కి ఊరొదిలేశాడట. కంప్యూటర్ గదికి తాళం పడింది. జరిగింది కూలీల నోట విన్న వేణి తల్లితో మాట్లాడటం మానేసింది.

ఆ పొట్లాన్ని నాగేంద్రమ్మ వారం రోజులు ఉప్పుజాడీ వెనకే దాచింది. ప్రేమలేఖేమోనని భయం. ఆఖరికి విప్పింది.

కొత్త క్యాసెట్టు. చుట్టూ ఒక కాగితం. కూడబలుక్కుని చదివింది.

“చెవులు వినపడని పిల్లలు తమ గొంతుని తెర మీద గీతలుగా చూసుకునే ప్రోగ్రాం ఇది. దీన్ని ఎవరూ అమ్మకూడదు. అడిగిన వాళ్ళందరికీ కాపీ ఇవ్వండి. తప్పులుంటే దిద్దండి, దిద్దినది మళ్ళీ అందరికీ ఇవ్వండి.

వేణీ, నీ క్యాసెట్టు చెరిగిపోయిందని పిల్లలు చెప్పారు. నువ్వు రాసినదంతా వారం వారం కాపీ తీసే ఉంచాను. ఏమీ పోలేదు. క్లాసుకి రా.”

కింద, రాసినవాళ్ళు: కృష్ణవేణి, ఇన్నయ్య.

కూతురి పేరే ముందుంది.

నాగేంద్రమ్మ వెళ్ళి ఆ క్యాసెట్టూ కాగితమూ వేణి ఒళ్ళో పెట్టింది. తలెత్తి పిల్ల మొహం చూడలేకపోయింది.

“తప్పయిపోయిందే. నా పాడు భయం...”

వేణి కాగితం మడత విప్పింది.

“ఆ డబ్బా అంత మోత మోగుతోంది కదా... నేనన్న మాటలు ఆయనకి సరిగా వినపడి ఉండవులే. కదే?”

వేణి కాగితం చదివింది. మళ్ళీ చదివింది. పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చింది. వేణి లేచి గిన్నె దించింది.

“ఆయనకి చెవులు వినపడవమ్మా,” అంది వేణి చివరికి. “తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పొద్దన్నారు.”

నాగేంద్రమ్మ హమ్మయ్య అనుకోబోయింది.

“ఎదుటివాళ్ళ పెదాలు చూసి చదువుకుంటారు, ఒక్క మాట కూడా పోకుండా.”