అయిదో మెట్టు

“సున్నా ఎందుకేశారు సార్?”

స్టాఫ్ రూములో మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి తలెత్తారు. ఎదురుగా మూడో బెంచీ అమ్మాయి. చేతిలో జవాబు పత్రం. దాని మీద ఎర్ర సిరాతో ఎంతో శ్రద్ధగా చుట్టిన సున్నా. సున్నా కింద ఒక సలహా కూడా: ‘ముందు సినిమా చూడు. తర్వాత రాయి.’

ఆ ఫిల్మ్ కాలేజీలో మాస్టారు కథా నిర్మాణం చెబుతారు. అంతరిక్షంలో సాహసయాత్ర చేసే ఒక సినిమాను తీసుకుని, దాని కథను గడియారం విప్పినట్టు విప్పి చూపిస్తారు. తొమ్మిదేళ్లుగా అదే సినిమా, అవే అయిదు మెట్లు. బయల్దేరడం, దారి తప్పడం, నష్టపోవడం, తెగించడం, ఇల్లు చేరడం.

“అయిదో మెట్టు ఈ సినిమాలో లేదని రాశావు. ఇల్లు చేరకపోతే అది సాహస కథ ఎలా అవుతుందమ్మా?”

“లేదు కాబట్టే లేదని రాశాను సార్. ఓడలో ఏడుగురున్నారు. గాలి ఆరుగురికే సరిపోతుంది. అందుకని కెప్టెన్ దారిలో ఒక గ్రహం మీద దిగిపోయి మిగతావాళ్లని పంపించేస్తుంది.”

“క్లాసులో ముప్పై మంది కెప్టెన్ ఇల్లు చేరిందనే రాశారు. నీ ఒక్కదాని సినిమాలోనే చేరలేదా?”

“నేను మూడుసార్లు చూశాను సార్.”

“నేను తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను.”

అమ్మాయి పెదవి కొరుక్కుంది.

“ఈ పేపరు పోతే నాకు ఏడాది పోతుంది సార్. పోనీ, చివరి పది నిమిషాలు మీరే చూడండి. ఫోన్లో ఉంది.”

“సినిమా చూడ్డం నువ్వు నాకు నేర్పుతావా? రేపు మధ్యాహ్నం మార్కులు ఆఫీసుకి పంపిస్తున్నాను. ఇక వెళ్లు.”

అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మాస్టారు మళ్లీ గ్లాసు అందుకున్నారు గానీ టీ సయించలేదు. సయించదు మరి. ఆ సినిమాను ఆయన చూసింది ఒక్కసారి, అదీ ఇంటర్వెల్ దాకా. తర్వాత ఏసీ చల్లదనానికి కునుకు పట్టింది. లేచేసరికి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇన్ని సినిమాలు చూసినవాణ్ణి, కథ ఎటు పోతుందో నాకు తెలియదా అనుకుని, అయిదో మెట్టు ఆయనే కట్టేశారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన కూడా పక్కన కూర్చుని ఒక తువ్వాలు అందుకున్నారు. ఎన్నడూ లేనిది ఇదేమిటని ఆవిడ అనుమానంగా చూసింది.

“అప్పుడెప్పుడో మనిద్దరం చూశామే, అంతరిక్షం సినిమా. గుర్తుందా?”

“గుర్తులేకేం? మీ గురకకి ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు.”

“అది సరేలే. ఆఖర్న ఆ కెప్టెన్ ఇంటికొస్తుంది కదూ?”

“ఎక్కడొస్తుందండీ! ఆ రాళ్లల్లో ఒక్కత్తీ కూర్చుండిపోతుంది. ఓడ పైకి లేస్తుంటే చెయ్యి ఊపుతుంది. ఎంత ఏడ్చానో!” ఆవిడ మడత ఆపింది. “పిల్లలకి చెప్పేది ఆ సినిమానే కదా? మీకు తెలీదూ?”

మాస్టారు అప్పటికే ఒకసారి మడతపెట్టిన తువ్వాలును విప్పి మళ్లీ మడతపెట్టారు.

రాత్రి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నారు. చూసినదాన్ని చూసినట్టు రాసిన పిల్లకి సున్నా వేశాడు. చూడకుండా తొమ్మిదేళ్లు పాఠం చెప్పినవాడు, చూసి రాయమని ఆ పిల్లకే నీతి చెప్పాడు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎవరికీ తెలియకుండా సున్నా ముందు ఒక అంకె వేసేస్తే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు క్లాసుకు వెళ్లి, బోర్డు మీద ఎప్పటిలాగే అయిదు మెట్లు గీశారు. అయిదోది చెరిపేశారు. ఇటు తిరిగారు.

“నేను ఈ సినిమా సగమే చూశాను. మిగతా సగం నిద్రపోయాను. మీకు చెప్పిన ముగింపు నా సొంతం.”

మాస్టారు మూడో బెంచీ దగ్గరికి నడిచి చెయ్యి చాచారు. అమ్మాయి బిత్తరపోతూనే జవాబు పత్రం ఇచ్చింది. ఆయన సున్నా కొట్టేసి, పక్కన నూటికి నూరు వేసి, కింద సంతకం పెట్టారు.

“నన్ను క్షమించమ్మా,” అన్నారు. అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది, అంతలోనే మళ్లీ కూర్చుంది.

మాస్టారు మిగతావాళ్ల వైపు తిరిగారు. వాళ్లను చూస్తే ఆయనకు మరింత జాలేసింది. “మీ తప్పేం లేదు. పాపం, చూడని సినిమా గురించి నా మాట నమ్మి రాశారు. మీ మార్కులు తగ్గించను. తప్పు దారి చూపించినవాణ్ణి నేను.”

ముందు బెంచీలో కూర్చున్న క్లాస్ ఫస్ట్ తల వంచుకున్నాడు. పక్కవాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఇవాళ పాఠం లేదు. అందరం కూర్చుని ఆ సినిమా పూర్తిగా చూద్దాం,” అన్నారు మాస్టారు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయనకు మనసు కాస్త తేలికపడింది. “ఇంతకీ, ఈ అమ్మాయి కాకుండా ఆ సినిమా చివరిదాకా చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే చేతులెత్తండి.”

తల ఎత్తకుండానే క్లాస్ ఫస్ట్ చెయ్యెత్తాడు. వాడి వెనకాల ఒక్కొక్కటిగా, ముప్పై చేతులూ లేచాయి.