ఊపిరి పీల్చిన అరుపు

నాలుగు రాత్రుల్లో కొయోటీ నక్కలు ఆరు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయాయి. వయోమింగ్ బీడులో ఐదో రాత్రి వెర్లిన్, నక్కలను రప్పించేందుకు రికార్డు చేసిన కుందేలు అరుపు వినిపించే పెట్టెను వంద గజాల అవతల పెట్టి, బాబాయ్ ఆరిన్ పక్కన సేజ్ పొదల్లో తుపాకీతో కూర్చున్నాడు. దిగువన కొట్టంలో, ఈనే గొర్రెల దగ్గర వెర్లిన్ భార్య నోలా ఒక్కతే ఉంది.

కుందేలులా అరిపించే చెక్కబూర ఆరిన్ మెడలో ఉంది. దాన్ని తడుముకున్నాడు. "నేను ఊదితే సరిపోయేది కదరా. ఆ పెట్టెకు ఊపిరుండదు. చావబోయే కుందేలు మధ్యమధ్య గాలి పీల్చుకుంటుంది."

"నువ్వు ఊదితే నక్క నేరుగా నీ మొహం మీదికొస్తుంది బాబాయ్. పెట్టె అరిస్తే దాని చూపు అటు పోతుంది. ఏది లాభమో నువ్వే చెప్పు."

"లాభం నీకు, చలి నాకు."

పెట్టెలోని కుందేలు గొంతు గంటసేపు ఒకే తీరున అరిచింది. ఒక్క నక్కా రాలేదు. విసుగొచ్చి వెర్లిన్ చేతిలోని రిమోట్ మీట నొక్కి దాన్ని ఆపేశాడు. బీడంతా నిశ్శబ్దమైంది.

కాసేపటికి పెట్టె ఉన్న చోటే అరుపు మళ్ళీ మొదలైంది. ఈసారి మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ అరిచింది.

"బాబాయ్, ఊదుతున్నావా?"

ఆరిన్ నోరు మూసుకునే ఉన్నాడు. బూర అతని పిడికిట్లో ఉంది.

అరుపు సన్నబడింది. కుందేలు గొంతు పోయి, తల్లిని వెతుక్కునే గొర్రెపిల్ల గొంతు వచ్చింది.

"అది పిలిచేది మనల్ని కాదురా," అన్నాడు ఆరిన్.

దిగువన కొట్టం తలుపు తెరుచుకుంది. నోలా టార్చి వెలుగు ఆ గొంతు వైపు గబగబా కదిలింది. వెర్లిన్ లేచి నిలబడి కేకేశాడు. "నోలా, ఇటు రా."

"నోలా, ఇటు రా," అని పెట్టె వైపు నుంచి అతని గొంతే పలికింది.

టార్చి వెలుగు ఆగింది. ఇటు తిరిగింది. అటు తిరిగింది.